ఆయుధపూజ నాడు మా పిన్ని ఆపని మెషిన్

మొన్న పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. "టిఫిన్ తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్నాను. "సరే. మీ పిన్ని పోయిందే," అన్నాడు. తిన్నానో లేదో ముందు కనుక్కోవాలని ఆయనకు నేర్పింది పిన్నే. చెడ్డ కబురు ఖాళీ కడుపుకి చెప్పకూడదనేది ఆవిడ. రాత్రి మామూలుగానే పడుకుందట, తెల్లారి లేవలేదట.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. యాభై దాటి ఎంతో కాలేదు. ఏం తొందర? జీవితంలో ఏ పనీ ఎవరికీ చెప్పకుండా చేసిన మనిషి కాదు. ఇంట్లో నీళ్ళ మోటారు ఆపాలన్నా ఇంటిల్లిపాదికీ వినపడేలా "ఆపుతున్నానూ" అని కేకేసి మరీ ఆపేది. అలాంటిది చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడమేంటి!

చదువుతున్న మీలో చాలామందికి ఆవిడ తెలియదు. పిన్ని మా అమ్మకి చెల్లెలు. భవానీపురంలో సొంత ఇంటి ముందు భాగంలో చిన్న కంప్యూటర్ ఆఫీసు నడిపేది. నా ఇంజనీరింగ్ అయిపోయాక, "ఉద్యోగం దొరికేదాకా వచ్చి ఇక్కడ కూర్చో, ఊరికే టీవీ చూస్తే బుర్ర తుప్పు పడుతుంది," అంది. వెళ్ళి కూర్చున్నాను. ఉద్యోగం దొరికినా లేవలేదు.

మేం చేసే పని ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళలోని ఆక్సిజన్ కొలిచే బ్యాటరీ పరికరాలు ఉండేవి. అవి సెల్ సిగ్నల్ మీద అంకెలు పంపుతుంటే మా ఆఫీసులో ఉన్న సర్వర్ అందుకుని దాచుకునేది. రైతు తన ఫోన్‌లో ఆ అంకెలు చూసుకునేవాడు. ఆక్సిజన్ పడిపోతే మా సర్వర్ అతని ఫోన్ మోగించేది. అప్పుడు రైతు పరుగెత్తి ఏరేటర్లు వేసుకోవాలి, అంటే నీళ్ళను చిలికి గాలి ఎక్కించే చక్రాలు. ఆలస్యమైతే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. తేలిన రొయ్యకి కాసేపట్లో గాలి అందించకపోతే ఇక చెరువు మీద ఆశ వదులుకోవలసిందే. పేజీ చూపించడానికీ, అంకెలు దాచడానికీ, ఫోన్లు మోగించడానికీ, అన్నిటికీ ఒకే ఒక్క మెషిన్. దానికి విడిగా ఒక చిన్న గది, ఆ గదికి ఏసీ. మాకెవరికీ ఏసీ లేదు. మేం ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే మెషిన్ మహారాణిలా చల్లగా ఉండేది.

రైతులకు ఫోన్ చేస్తే పిన్ని మొదట అడిగేది వాన గురించి. మీవైపు పడిందా, గాలుందా, రొయ్యపిల్ల ఎలా మేస్తోంది. ఇదంతా అయ్యాకగానీ అసలు విషయానికి వచ్చేది కాదు. పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండేది. "ఇంకా మెషిన్ పని మొదలుపెట్టలేదు పిన్నీ," అని సైగ చేస్తే, "ఇదీ మెషిన్ పనే పిల్లా," అనేది ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి. తను చెప్పిన మాట తనే పాటించని మనిషి కూడా. కీబోర్డు దగ్గర తినకూడదని నా మీద అరిచి, కారప్పూస పొట్లం అక్కడే విప్పేది. అడిగితే, "నేను ఒలకబోయకుండా తింటా," అనేది. కీబోర్డు తిరగేస్తే మాత్రం కారప్పూసే రాలేది.

పిన్ని మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. కొత్తలో నేనొకసారి, "ఇవాళ ఏ చెరువు నుంచీ అలారం రాలేదు పిన్నీ, అంతా హాయి," అన్నాను. "మెషిన్ మాట్లాడలేదంటే అంతా బాగుందని కాదే. దాని నోరే పడిపోయిందేమో ముందు చూడు," అంది. చూశాను. ఆ రోజు దాని నోరు బాగానే ఉంది. కానీ ఆ మాట ఎంత నిజమో ఒక దసరాకి తెలిసొచ్చింది. ఆ రోజు గురించి రాయడానికే ఇది మొదలుపెట్టాను.

ఆ ఏడు వానలప్పటి నుంచీ సర్వర్ మందగించింది. ఏళ్ళ తరబడి వచ్చిన అంకెలు డిస్కులో ఎక్కడ కాస్త చోటుంటే అక్కడ పడుతూ వచ్చాయి. ఒక్కో చెరువు లెక్క వంద ముక్కలై చెల్లాచెదురుగా ఉండేది. అడిగింది తెచ్చివ్వాలంటే డిస్కులో చదివే ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు తీయాలి. పేజీ తెరుచుకునేసరికి రైతు టీ తాగి రావచ్చు. అదైనా సరిపెట్టుకోవచ్చుగానీ, దసరా ముందు ఒక చెరువుకి వెళ్ళాల్సిన అలారం ఆలస్యంగా వెళ్ళింది. రైతు అప్పటికే గట్టు మీద ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పిన్ని మాత్రం ఆ రోజంతా సరిగ్గా అన్నం తినలేదు.

దీనికి మందు డీఫ్రాగ్. చెదిరిన ముక్కల్ని ఏరి వరసగా ఒకచోటికి చేర్చడం. మామూలుగా మెషిన్ పని ఆపి చేసుకుంటారు. మాకు అంతసేపు ఆపే వీల్లేదు. "కొత్త డిస్కు తెప్పించి అప్పుడు చేద్దాం పిన్నీ, పండగలకి షాపులన్నీ మూసేశారు," అన్నాను. "కొత్త డిస్కు వచ్చేదాకా రొయ్యలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాయా?" అంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని, మబ్బు పట్టేస్తుందని వార్తల్లో చెబుతున్నారు. మబ్బు పట్టిందంటే చెరువులో పగలు కూడా ఆక్సిజన్ లేవదు. అలాంటప్పుడే అలారం సమయానికి మోగాలి. అందుకని మహర్నవమి రోజు పెట్టుకుంది. పండగ పూట పాత లెక్కలు తెరిచి చూసేవాళ్ళు ఉండరు, మెషిన్ మీద బరువు తక్కువ.

"భోజనాల బంతి నడుస్తుండగా బల్లలు సర్దడమే ఇది," అని చెప్పింది నాకు. "సర్దుకో, తప్పులేదు. తింటున్నవాడి విస్తరి మాత్రం కదలకూడదు." ముందుగా అంకెలన్నీ వేరే డిస్కులోకి నకలు తీసింది. పాత చెత్త తీసేసి చోటు చేసింది. కొంగు బొడ్లో దోపుకుని, తెర ముందు నిలబడే పని మొదలుపెట్టింది. ముఖ్యమైన పని నడుస్తుంటే కుర్చీలో కూర్చునేది కాదు. నేను నిలబడలేక కూర్చుంటే ఏమీ అనేది కాదు కానీ, ఒక చూపు చూసేది.

ఆ ఇంట్లో ఆయుధపూజ పిన్నిది కాదు, వాళ్ళ అత్తగారిది. నేను మామ్మగారు అని పిలిచేదాన్ని. కత్తిపీట నుంచి బాబాయి స్కూటర్ దాకా ప్రతిదానికీ ఆవిడే పసుపు కుంకుమలు పెట్టేది, ఆ రోజుకి వాటికి విశ్రాంతి. ప్రతి ఏడూ సర్వర్‌ని కూడా కాసేపు ఆపి బొట్టు పెట్టించేవాళ్ళం. ఈసారి పొద్దున్నే పిన్ని వెళ్ళి, "అత్తయ్యా, పూజ మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, మెషిన్ మాత్రం ఆపొద్దు," అని చెప్పి వచ్చింది. మామ్మగారు సరేనంది. ఆవిడ మాట ఇచ్చిందంటే తప్పదు, తప్పలేదు కూడా.

మధ్యాహ్నానికి ఆకాశం బాగా నల్లబడింది. డీఫ్రాగ్ సగం దాటింది, పేజీ తెరుచుకోవడం అప్పుడే చురుగ్గా అనిపించింది. పిన్ని ముఖం కాస్త తేటపడింది. అప్పుడొచ్చాడు మా కైకలూరు రైతుల్లో ఒకాయన. కొండ మీద అమ్మవారి దర్శనానికి తెల్లారగట్ల క్యూలో నిలబడి, దర్శనమయ్యాక ప్రసాదం ఇచ్చిపోదామని మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, నుదుటి నిండా కుంకుమ. అంతకుముందు పంట తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి ఎవరి గట్టు మీదో కాపలా పనికి వెళ్ళాల్సిందేనని ఆయనే మాతో చాలాసార్లు అన్నాడు. పండగ వెళ్ళగానే పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, పెట్టుకున్నాడు. భార్యని చెరువు దగ్గరుంచి వచ్చాడు, పనివాళ్ళు పండక్కి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"మబ్బు చూస్తే భయంగా లేదా అన్నయ్యగారూ?" అని అడిగింది పిన్ని.

"మీ మిషనుంది కదమ్మా. అది మోగలేదంటే నాకు నిశ్చింతే," అన్నాడాయన.

పండగ పూట ఇంటికొచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపడం పిన్ని వల్ల కాదు. వరండాలో ఆకు వేసింది. నేను మంచినీళ్ళు పెట్టాను, పిన్ని పప్పు వడ్డించింది. అంతే, అంతసేపే మేమిద్దరం ఆ గదిలో లేనిది.

నెయ్యి తేవడానికి లోపలికి వెళ్తున్నప్పుడు సాంబ్రాణి వాసన వచ్చింది. సర్వర్ గది తలుపు మూసి ఉంది. తీశాను. వేడి గాలి ముఖానికి కొట్టింది. గదంతా పొగ. మెషిన్ ముందు నిండా పెద్ద బంతిపూల దండ, గాలి లోపలికి పీల్చుకునే కంతలన్నీ దాని వెనకే. ఏసీ ఆగిపోయి ఉంది. మామ్మగారు కర్పూర హారతి కళ్ళకద్దుకుంటోంది.

"పిన్నీ!" అని నేనరిచిన అరుపుకి వీధిలో వాళ్ళు తిరిగి చూసి ఉంటారు.

"ఎందుకే అలా గావుకేకలు? నేను మిషన్ ముట్టుకోలేదు," అంది మామ్మగారు. "ఆ ఏసీ గాలికి హారతి నిలవట్లేదు, అదొక్కటే ఆపా. మహర్నవమి నాడు హారతి కొండెక్కితే ఇంటికి మంచిదా?"

నేనేం అనబోయేదాన్నో నాకే తెలియదు, మంచి మాటైతే కాదు. ఈలోగా పిన్ని వచ్చేసింది. మెషిన్ మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేసుకుంది. తెర బిగుసుకుపోయి ఉంది. అంకెలు రావడం ఆగిపోయింది, డీఫ్రాగ్ ఎంతవరకు అయిందో చూపే గీత ఉన్నచోటే ఉంది. పిన్ని దండ తీసి కళ్ళకద్దుకుని తలుపు గడియకి వేసింది. "అమ్మవారికి ఉక్కపోస్తోంది అత్తయ్యా. కాస్త గాలి ఆడనిద్దాం," అంది. గొంతు మామూలుగానే ఉంది.

నేను ఏసీ వేశాను. "కరెంటు పీకేసి మళ్ళీ పెడదామా?" అన్నాను.

"వద్దు. డీఫ్రాగ్ ముక్కని కొత్తచోట రాసి, సరిచూసుకుని, అప్పుడే పాతచోటు వదులుతుంది. దాని పని దాన్ని చేసుకోనీ. కానీ డేటాబేస్, అదే అంకెల చిట్టా, ఏ రాత మధ్యలో ఉందో మనకి తెలీదు, మధ్యలో పీకావంటే మొత్తం పోతుంది." ఒక్క క్షణం తెర వంక చూసింది. "దీని సంగతి నువ్వు చూడు. ఇది ఎప్పుడు మూగబోయిందో నాకు తెలీట్లేదు."

అని వరండాలోకి వెళ్ళిపోయింది. తన ఇన్నేళ్ళ కష్టం ఆ డిస్కులో ఉంది. చచ్చిందో బతికిందో తెలియని మెషిన్‌ని వదిలి మనిషి దగ్గరికి వెళ్ళింది. నేను గది తలుపు తీసే ఉంచాను, చల్లదనం పోయినా పర్వాలేదని. నాకు అంతా వినపడాలి.

"అన్నయ్యగారూ, అన్నం ఆపండి. మా మెషిన్ ఆగిపోయింది. మోగలేదని నమ్మకండి. వదినకి ఫోన్ చేయండి."

ఆయన ఎడం చేత్తో ఫోన్ తీశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారికి ఎత్తింది వాళ్ళావిడ. పిన్ని స్పీకర్ నొక్కింది.

"ఏంటండీ, దర్శనం అయిందా?"

"చెరువెలా ఉందే?"

"బానే ఉందండీ. మీకు అలారం ఏం రాలేదుగా."

పిన్ని ఫోన్ లాక్కున్నంత పని చేసింది. "వదినా, అలారం రాలేదంటే బాగున్నట్టు కాదు. మా మెషిన్ పడిపోయింది. మీరు గట్టు మీదికెళ్ళి కళ్ళతో చూడండి. ఫోన్ పెట్టకండి, పట్టుకునే వెళ్ళండి."

ఆవిడ పరుగెత్తడం వినపడింది. చెప్పుల చప్పుడు, రొప్పు. తర్వాత చప్పుడు ఆగింది. "అమ్మో... ఏవండీ... రొయ్య తేలుతోందండీ. మూలంతా తేలిపోయింది."

ఆయన ఎంగిలి చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయాడు. "ఏరేటర్లెయ్! అన్నీ ఎయ్!"

"కరెంటు లేదండీ, పొద్దున పోయింది."

"జనరేటరెయ్యవే! తాళం దానికే ఉందిగా!"

ఇంజన్ చప్పుడు వినపడలేదు. "ఏమైందే?" అని అరిచాడు.

"పొద్దున పూజ చేశానండీ దానికి. బొట్టు పెట్టి దండేశా. ఇవాళ ముట్టుకోకూడదు కదండీ. అసలే పోయిన పంట అలా అయింది, మళ్ళీ ఏం తప్పు జరుగుద్దో అని..." ఆవిడ ఏడుస్తోంది.

కొండ మీద నుంచి అప్పుడే వచ్చిన మనిషి, ఆ మాట కొట్టిపారేయడానికి ఆయనకీ భయమే. పిన్ని ఏదో చెప్పబోయింది. అంతలో నా పక్క నుంచి మామ్మగారు విసవిసా నడిచివెళ్ళి ఫోన్ అందుకుంది. చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉంది.

"ఇదిగో అమ్మాయ్, నేను పెద్దదాన్ని చెబుతున్నా విను. దండ తీసి కళ్ళకద్దుకుని పక్కన పెట్టు. తాళం తిప్పు. అన్ని ప్రాణాలు గిలగిల్లాడుతుంటే ఊరుకోమని ఏ అమ్మవారూ చెప్పదు. దోషమేదన్నా ఉంటే నాకు తగలనీ. తిప్పు తల్లీ."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది. కాసేపటి క్రితం ఆ పెద్దావిడ మీద పళ్ళు కొరికిన దాన్ని నేనే.

జనరేటర్ ఒకసారి గురగురమని ఆగింది. మళ్ళీ గురగురమని ఆగింది. ఆయన ఇక్కడి నుంచే చెప్పుకొస్తున్నాడు, కింద ఎర్ర పిడి ఉంటది చూడు, అది పక్కకి తిప్పు, ఇప్పుడు తాళం, వదలమాకు, పట్టుకునే ఉండు. పిన్ని స్తంభానికి ఆనుకుని నిలబడింది. తన మాట నమ్మి ఆయన చెరువు వదిలి వచ్చాడు. అది ఆవిడని తినేస్తోందని ఎవరికైనా తెలుస్తుంది.

"తప్పు నాది అన్నయ్యగారూ," అంది ఉన్నట్టుండి. "మెషిన్ ఆపొద్దని చెప్పానుగానీ, దాని గాలి ఆపొద్దని చెప్పలేదు. పోతే ఆ పాపం నాదే."

ఆయన వినలేదు, లేదా వినదలుచుకోలేదు. అప్పుడే ఫోన్‌లో ఇంజన్ పట్టుకుంది. భగ్గుమని ఒక్కసారి మోగి నిలకడగా సాగింది. తర్వాత ఒక్కొక్కటిగా చక్రాలు.

చాలాసేపటికి ఆవిడ, "మూలన కొన్ని పోయినయండీ," అంది. ఇంకాసేపు ఆగి, "మిగతావి కిందకి దిగుతున్నయి," అంది. ఆయన అక్కడే విస్తరి పక్కన కూలబడి, ఎడం చేత్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు. మామ్మగారు, "లేవయ్యా, చెయ్యి కడుక్కో, మళ్ళీ వడ్డిస్తా," అంది.

నేను గదిలోకి వెళ్ళాను. చల్లబడింది. తెర ఒకసారి వెలవెలబోయి, మళ్ళీ కదిలింది. డీఫ్రాగ్ గీత ఒక పిసరు ముందుకు జరిగింది. ఆ వెంటనే, అంతసేపూ చెరువుల దగ్గరి పరికరాలు దాచి ఉంచిన అంకెలు వరసగా వచ్చి పడ్డాయి, ఒక్కటీ పోకుండా. కైకలూరు చెరువుది కూడా. బాగా కింద పడిపోయి, ఇప్పుడిప్పుడే పైకి లేస్తోంది. నాకు ఆనందం పట్టలేక వరండాలోకి పరుగెత్తాను.

"పిన్నీ! మెషిన్ లేచింది! అంకెలొచ్చేశాయి పిన్నీ, వచ్చి చూడు!"

పిన్ని నా వైపు తిరగకుండానే చెయ్యెత్తి ఆగమంది. స్పీకర్ ఆపేసి, ఆ రైతు ఫోన్‌ని తన చెవికి గట్టిగా అదుముకుని కళ్ళు మూసుకుంది. అవతల కైకలూరులో చక్రాలు నీళ్ళని కొడుతున్నాయి. పిన్ని ఆ నీళ్ళ చప్పుడు వింటూ అలాగే నిలబడి ఉంది.